తెల్దు అనే తీర్పు

నేను సైకాలజీ పాఠాలు చెబుతానని తెలిస్తే చాలు, నంద్యాలలో అందరూ ఒకటే మాట అడిగేవాళ్లు. "అయితే నా మనసులో ఏముందో చెప్పండి మేడమ్, చూద్దాం." "నేను చెప్పలేనని ఉంది" అనేదాన్ని. చాలామంది నవ్వేసి ఊరుకునేవాళ్లు. మా వీధి చివర కూరగాయల అంగడాయన మాత్రం నొచ్చుకుని, ఆ రోజు నుంచి కొసరు వేయడం మానేశాడు. ఈ చదువు వల్ల నాకు కలిగిన మొదటి నష్టం అదే.

నిజానికి నేను మనసులు చదివేదాన్ని కాదు. నమ్మినప్పుడు మనిషికి ఏమవుతుందో చూసేదాన్ని. అందులో రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, మందు లేని మందు సంగతి. చక్కెర బిళ్ల మింగి నొప్పి తగ్గిందనే మనిషి అబద్ధమాడడు, నిజంగానే తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుంది, ఎవరి చేత్తో ఇస్తే తగ్గుతుంది అన్నది నా వెతుకులాట. రెండోది, నేరం జరిగిన చోట దొరికిన ఆనవాళ్లు చూసి తీర్పు చెప్పే నిపుణుల సంగతి. వేలిముద్ర చూసేముందే చెవిలో కేసు కథ పడితే, ఆ తర్వాత కన్ను దేన్ని చూస్తుంది అని. పొద్దున ఆస్పత్రిలో, సాయంత్రం రిటైరైన పోలీసు వాళ్లతో, మధ్యలో వీలైతే కాలేజీలో కనిపిస్తానని స్టాఫ్ రూములో నా మీద వేళాకోళం. ఈ రెండు పనులకూ సంబంధం ఏమిటని మా ప్రిన్సిపాల్ అడిగితే ఏదో పెద్ద మాటలు చెప్పి తప్పించుకునేదాన్ని. ఆ సంబంధం నాకు సరిగ్గా బోధపడింది పుస్తకాల్లో కాదు, ఆళ్లగడ్డలో ఒక రాతి చెయ్యి విరిగినప్పుడు. ఈ చదువులోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి "మేడమ్, మీరు మరిచిపోలేని కేసు చెప్పండి" అంటారు. చెబుతున్నాను, వినండి. గెలిచిన కథ కాదు, ముందే చెప్పేస్తున్నాను.

మొదట ఆస్పత్రి. నంద్యాలలో ఒక పెద్ద వయసు డాక్టరు తన చిన్న ఆస్పత్రిలో నా పరీక్షలకు చోటిచ్చాడు. మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లకు ముందే చెప్పేవాళ్లం, మీకిచ్చే బిళ్లలో మందు ఉండొచ్చు, లేకపోనూవచ్చు, ఇష్టమైతేనే తీసుకోండి అని. "డాక్టరు సారు చేత్తో ఏదిచ్చినా మందే" అనేవాళ్లు. జూపాడు బంగ్లా నుంచి వచ్చిన ఒక రైతు మాత్రం ఒప్పుకోలేదు. "బిళ్లలు ఎవురికి కావల్ల? సూది ఎయ్యని డాక్టరు డాక్టరేనా? నీళ్ల సూదైనా సరే, నొప్పి పెట్టేటట్ల ఎయ్యండి" అన్నాడు. నేను సంవత్సరాల తరబడి చదివింది ఆయన ఒక్క మాటలో చెప్పేసి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

బిళ్లలు ఇచ్చేది నర్సమ్మ. ఆళ్లగడ్డ మనిషి, రోజూ బస్సులో వచ్చి పోయేది. ఏ డబ్బాలో మందుందో, దేన్లో చక్కెర ఉందో ఆమెకు తెలుసు. మొదట్లో మందు బిళ్లలు తీసుకున్నవాళ్లకు నొప్పి ఎంత బాగా తగ్గిందంటే నేను ఎగిరి గంతేశాను. తర్వాత ఒక రోజు బెంచీ మీద కూర్చుని ఊరికే చూస్తున్నాను. మందు బిళ్ల ఇచ్చేటప్పుడు ఆమె "వేసుకో పెద్దాయనా, రేపట్నుంచి పరిగెత్తుతావ్" అని నవ్వుతోంది. చక్కెర బిళ్ల ఇచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని "ఊఁ, వేసుకో" అంటోంది. పాపం, ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు. అంతవరకు నేను కొలిచింది బిళ్లను కాదు, ఆమె నవ్వును.

అన్నీ ఒకే రకం కవర్లలో పెట్టించి, ఏది ఏదో ఆమెకూ తెలియకుండా చేశాను. ఆమెకు కోపం వచ్చింది.

"అంటే నామీద నమ్మకం ల్యా, మేడమ్?"

"నీ మీద ఉందమ్మా. నీ మొహం మీదే లేదు."

ఒక నిమిషం మూతి ముడుచుకుని, తర్వాత పడీ పడీ నవ్వింది. అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఇద్దరం కలిసి తినేవాళ్లం. ఆమె తెచ్చే సద్దరొట్టె, చెనిక్కాయల పొడి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. నేను చేసుకెళ్లే సాంబారన్నం చూసి "ఇది రోగులకు పెట్టేది మేడమ్" అనేది. నా ఉద్యోగంలో బాగా సుఖపడిన రోజులు ఏవంటే, ఆ ఇంజెక్షన్ల గది పక్కన స్టూళ్ల మీద కూర్చుని తిన్న ఆ మధ్యాహ్నాలే.

ఇంకో స్నేహితుడు, వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరైన ఆఫీసరు. మా కాలేజీ దగ్గరే ఇల్లు. "ఎస్సై వచ్చి 'దొంగ ఒప్పుకున్నాడు సార్, మీరు చూసి సంతకం పెడితే అయిపాయ' అంటాడు మేడమ్. ఆ మాట చెవిలో పడినాక ఏ రెండు ముద్రలు చూసినా అన్నదమ్ముల మాదిరి కనపడతాయి" అని చెప్పేవాడు. "మరి మీరేం చేసేవారు?" అంటే, "చెవుల్లో దూది పెట్టుకుని ఉద్యోగం చేసినా. అందుకే ప్రమోషన్లు రాల్యా" అని నవ్వేవాడు.

అట్లా ఉండగా ఒక రోజు నర్సమ్మ ఆస్పత్రికి వచ్చింది గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు ఏడ్చింది.

ఆమె భర్త ఆళ్లగడ్డలో శిల్పి. ఒక పెద్ద శిల్పశాలలో పనిచేస్తాడు. ఆత్మకూరు వైపు పల్లెకు అమ్మవారి విగ్రహం ఒకటి తయారవుతోంది. నల్లరాయి, నిలబడిన విగ్రహం, కుడిచెయ్యి అభయమిస్తూ పైకెత్తి ఉంటుంది. ప్రతిష్ఠకు ముహూర్తం కూడా పెట్టేసుకున్నారు. ఆ మొహం తాను చెక్కుతానని భర్త అడిగాడు. శిల్పశాల యజమాని అందరి ముందూ "నీ చేతికి ఇంగా మొగం రాల్యా, పోయి చీర కుచ్చిళ్లు చెక్కు పో" అన్నాడు. ఈయనకు రోషం పొడుచుకొచ్చింది. "నా చెయ్యి పడకుండా ఈ అమ్మోరు గుడికి ఎట్ల పోతాదో నేనూ చూస్తా" అని ఉలి కింద పడేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున తలుపులు తీసి చూస్తే, అమ్మవారి అభయహస్తం మణికట్టు దగ్గర విరిగి కింద పడి ఉంది.

విరిగి భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. అతికించేది, సర్దేది ఉండదు. ఆ పల్లె వాళ్లు వచ్చి కింద కూర్చుని ఏడ్చారట.

"రాత్రంతా మా ఆయన ఇంట్లోనే ఉండాడు మేడమ్. ఆ మాట నేను చెప్తే ఎవురు నమ్ముతారు, పెండ్లాన్ని కదా," అంది నర్సమ్మ. "ఆయన నోరు మంచిది కాదు, ఒప్పుకుంటా. చెయ్యి మంచిది. ఆ చేత్తో దేవుని చెయ్యి ఇరగ్గొట్టేటోడు కాదు."

ఆ శిల్పాల వీధిలో రాయి గురించి ఒక ముసలాయన మాటే చివరి మాట. అందరూ తాత అని పిలుస్తారు. యజమాని ఆయన్ని పిలిపించి, జరిగిన గొడవంతా చెప్పి, విరిగి పడిన చేతిని చూపించాడు. తాత చూసి "సుత్తి దెబ్బే" అన్నాడు. ఇక యజమాని స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వడానికి తయారవుతున్నాడు. కేసు సంగతి అటుంచితే, తాత నోట ఆ మాట ఒకసారి స్థిరపడితే ఆళ్లగడ్డలో ఏ శిల్పశాలా ఈయన్ని గుమ్మం తొక్కనివ్వదు. చిన్నప్పటి నుంచి ఉలి తప్ప వేరే పని తెలియని మనిషి.

ఆ కథ వింటుంటే నా బుర్రలో గంట మోగింది. గొడవ చెప్పాక చూపించారు! ఎస్సై చెప్పాక ముద్రలు చూసినట్టే కదా. నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. ఆమె ఏడుస్తుంటే నాకు ఉత్సాహమేమిటని మీరు తిట్టుకోవచ్చు. పరిశోధన చేసేవాళ్లు అట్లాగే ఉంటారు, మీరూ రేపు అట్లాగే తయారవుతారు.

వేలిముద్రల ఆఫీసరును వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆ వీధి గురించి మీకు చెప్పాలి. రోడ్డుకు రెండు వైపులా శిల్పశాలలు, సగం చెక్కిన దేవుళ్లు ఎండలో వరుసగా నిలబడి ఉంటారు. గ్రైండర్ల రొద, తెల్లని రాతి పొడి. మనుషుల కనుబొమ్మలు, మీసాలు అన్నీ తెల్లబడి, పాతికేళ్ల వాళ్లు కూడా ముసలివాళ్లలా కనిపిస్తారు. ఆ పొడిలో కాసేపు నిలబడితే నా చీర కూడా రంగు మారేది. నాకు ఆ వీధి అంటే ఇప్పటికీ ప్రాణం.

యజమాని గట్టి మనిషి, మెడలో తువ్వాలు, మాట కటువు.

"రాయి దానంతటది ఇరుగుతాదా అమ్మా?"

"విరగదా? లోపల నెర్రె ఉంటే?"

"ఉంటే ముందే శబ్దం తెలిసిపోతాది. సుత్తితో తట్టి, గంట మాదిరి మోగితేనే పనికి తెచ్చుకుంటాం."

"అన్ని నెర్రెలూ తెలుస్తాయా?"

"అన్నీ తెల్వవు," అన్నాడు చివరికి, ఇష్టం లేకుండా. అప్పుడు మా ఆఫీసరు అందుకున్నాడు. "స్టేషన్‌కు పోయినా వాళ్లు అడిగేది ఇదే గదన్నా, దెబ్బా నెర్రెనా అని. ఏదో మనమే ముందు తేల్చుకుంటే పాయ." పోలీసుల్లో పనిచేసిన మనిషి చెబితే ఆ మాటకు బరువుంటుంది. యజమాని ఒప్పుకున్నాడు.

ఆ శిల్పశాల వెనక విరిగిన రాళ్ల కుప్ప ఉంది. పాత ముక్కలు, కొన్ని దెబ్బ తగిలి విరిగినవి, కొన్ని లోపలి నెర్రె వల్ల విడిపోయినవి. ఏది ఎట్లా విరిగిందో కళ్లారా చూసినవాటినే యజమాని ఏరి ఇచ్చాడు. వాటిని ఇసుక తట్టల్లో పూడ్చి, విరిగిన ముఖం మాత్రమే పైకి కనిపించేలా పెట్టాం. అమ్మవారి చేతిని కూడా అట్లాగే, వేళ్లు ఇసుకలోకి పోయేలా ఒక తట్టలో పెట్టాం. చూసేవాళ్లకు చెయ్యి కనిపించదు, విరిగిన రాయి మాత్రమే కనిపిస్తుంది. ఎంత బాగా చేశామో అని నాకు నేనే మురిసిపోయాను.

తాత వచ్చాడు. బక్కపలచని మనిషి, కళ్లజోడు తాడుతో కట్టుకుని ఉంది. తట్టలు ఒక్కొక్కటీ నేనే ముందుకు జరుపుతున్నాను. ఆయన వంగి చూసి "దెబ్బ", "నెర్రె" అని చెబుతున్నాడు. చుట్టూ పనివాళ్లందరూ గ్రైండర్లు ఆపి నిలబడ్డారు. నర్సమ్మ గోడ పక్కన, ఆమె భర్త వాకిలి బయట, లోపలికి రాకుండా. అన్నీ సరిగ్గానే చెప్పుకొస్తున్నాడు తాత. అమ్మవారి చెయ్యి ఉన్న తట్ట జరిపాను. వంగి చూశాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. మళ్లీ వంగాడు.

"నెర్రె," అన్నాడు.

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. బయట ఆమె భర్త కూలబడిపోయాడు. నా ఒళ్లు పులకరించింది, దాచుకోవడమెందుకు. యజమాని మాత్రం తాత ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏంది తాతా, మొన్న దెబ్బంటివి, ఇయ్యాల నెర్రె అంటాండావ్?"

తాత తడబడ్డాడు. "ఏమోప్పా... మొన్న అట్ల కనపడె. ఇయ్యాల ఇట్ల కనపడె."

ఆ మాట వినగానే నా పులకరింత దిగిపోయింది. మొన్న ఆ రాయిని చూపించింది యజమాని. ఇవాళ చూపించింది నేను. ఆ తట్ట దగ్గరికి వచ్చేసరికి నేను ఊపిరి బిగబట్టాను, అంచు వదలకుండా పట్టుకుని ఉన్నాను, నా వేళ్లు తెల్లబడి ఉన్నాయి. తాత తల ఎత్తి చూసింది దేన్ని? యజమాని మొహంలో దెబ్బ కనపడింది, నా మొహంలో నెర్రె కనపడింది. రాయిని ఇంకా ఎవరూ చూడలేదు.

చక్కెర బిళ్లల దగ్గర నర్సమ్మకు నేను నేర్పిన పాఠం అది. అక్కడ ఆమె మొహం దాచాను, ఇక్కడ నా మొహం దాచుకోవడం మరిచిపోయాను. తలెత్తితే ఆమె నన్నే చూస్తోంది. కవర్ల సంగతి తెలిసిన మనిషి కదా, నాకు ఏం తట్టిందో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ఏడుపు ఆపేసింది. తల అడ్డంగా ఊపింది. పక్కకు వచ్చి, నాకొక్కదానికే వినబడేలా అంది. "వద్దు మేడమ్. ఊరుకోండి. మీకు దండం పెడతా."

మా ఆఫీసరు కూడా చెవిలో గొణిగాడు. "మంచికే వచ్చింది గదా, పోనిద్దాం."

పిల్లలూ, ఆ క్షణంలో నేనేం ఆలోచించానని అడిగితే నిజం చెబుతాను. పోనిద్దామనే అనుకున్నాను. నర్సమ్మ అంటే నాకు ప్రేమ. కానీ ఇంకో సంగతి కూడా తట్టింది. ఇవాళ నా మొహం చూసి నెర్రె అన్న తాత, రేపు స్టేషన్లో ఎస్సై మొహం చూసి మళ్లీ దెబ్బ అంటాడు. అప్పుడు ఈయన్ని కాపాడేది ఏముంటుంది?

"ఇది చెల్లదు," అన్నాను గట్టిగా. "ఏది ఏదో నాకు తెలుసు. నా మొహంలో కనిపించి ఉంటుంది. మళ్లీ చేయాలి."

గోల గోల అయింది. "ఏందమ్మా, నీ మనిషికి అనుకూలంగా వొచ్చిందాన్నే వొద్దంటాండావ్?" అన్నాడు యజమాని, నిజంగా ఆశ్చర్యపోయి. తాతకు అవమానమైంది. "నీ మొగం చూసి చెప్పినానా నేను? నా వయసుకు నీ మొగమేం కావల్ల?" అని కర్ర నేలకేసి కొట్టాడు. తర్వాత కాసేపు తనలో తాను ఏదో గొణుక్కుని, "చెయ్యండి. మళ్లా చెయ్యండి. నేనూ చూస్తా," అన్నాడు. ఆ మొండితనం లేకపోతే రెండో పరీక్ష జరిగేదే కాదు.

ఆ చేతిని తాత రెండుసార్లు చూసేశాడు కాబట్టి మళ్లీ పెట్టడానికి లేదు. కానీ ఏ విరుపుకైనా రెండు ముఖాలుంటాయి కదా, ఒకటి కింద పడిన చేతి మీద, ఇంకొకటి విగ్రహానికి మిగిలిన మొండి చేతి మీద. ఆ మొండిని కోసి తీయాలన్నాను. ఎట్లాగూ భిన్నమైన విగ్రహమే, అయినా ఎవరూ ముందుకు రాలేదు. చివరికి యజమానే చెప్పులు విడిచి, అమ్మవారికి దండం పెట్టుకుని, కటింగ్ మిషన్ పట్టుకున్నాడు. అది తిరుగుతున్నంతసేపూ ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

ఈసారి ముక్కలన్నీ మార్చాం. తట్టలు సర్దింది మా ఆఫీసరు, వెనకవైపు ఒక్కడే. సర్ది రోడ్డు మీదకు వెళ్లిపోయాడు. వాటిని తాత ముందు పెట్టడానికి ఎదురుగా ఉన్న టీ అంగడాయన్ని పిలిచాం. ఏ తట్టలో ఏముందో ఆయనకు తెలియదు. "నాకేం తెల్దు, నన్ను సాక్షికి పిలవరు గదా?" అని మూడుసార్లు అడిగి గానీ లోపలికి రాలేదు. దెబ్బ అనిపిస్తే తట్ట మీద ఉలి పెట్టమని, నెర్రె అనిపిస్తే గులకరాయి పెట్టమని తాతకు చెప్పాం. మిగిలిన అందరం బయటికి వచ్చి, శిల్పశాలకు వీపులు పెట్టి నిలబడ్డాం. కడపకు పోయే బస్సులు పోతున్నాయి, వస్తున్నాయి. ఒక వీధి జనమంతా దుకాణానికి వీపు పెట్టి నిలబడితే బస్సులో వాళ్లు తలలు బయట పెట్టి చూడకుండా ఉంటారా. "ఏందప్పా, ఎవురన్నా పాయనా?" అని ఒక కండక్టరు అడిగాడు కూడా. నర్సమ్మ నాకు దూరంగా నిలబడింది.

చాలాసేపటి తర్వాత టీ అంగడాయన పిలిచాడు. లోపలికి వెళ్లి చూశాం. తట్టల మీద ఉలులు, గులకరాళ్లు. ఆఫీసరు ఒక్కొక్కటీ తీసి చూపించాడు. తాత చెప్పినవన్నీ సరైనవే, ఒక్కటీ తప్పలేదు. ఒకే ఒక్క తట్ట మీద ఏమీ లేదు. అది అమ్మవారి మొండి ఉన్న తట్ట. ఆ ఇసుకంతా తడిగా ఉంది. నీళ్లు పోసి చూశాడట, గోటితో గీరి చూశాడట, చెవి పెట్టి తట్టి చూశాడట.

"దీనిమీద ఏం పెట్టల్యా తాతా?"

"తెల్దు," అన్నాడు తాత.

"తెల్దంటే?"

"తెల్దంటే తెల్దు. దెబ్బయినా కావొచ్చు, నెర్రయినా కావొచ్చు. ఈ రాయి చెప్పల్యా. నేనేం చెప్పేది?" కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లల్లో ఆ మాట అననిచ్చినోడు ఎవురూ ల్యా నన్ను."

ఆ వీధిలో ఆ మాట తాత నోట ఎవరూ విని ఉండరు. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. పెట్టి లేచేసరికి ఎదురుగా నర్సమ్మ భర్త ఉన్నాడు. మొట్టమొదటిసారి లోపలికి వచ్చాడు.

"మీరు పెద్ద చదువు చదివినోళ్లు మేడమ్," అన్నాడు. గొంతు పెంచలేదు. "పొద్దున 'వీడు చెయ్యల్యా' అన్నారు అందురూ. మీరు ఊరుకొనింటే అట్లే ఉంటాండె. ఇప్పుడు 'తెల్దు' అంటారు. తప్పు చేసినోడు జైలుకు పోయి ఎప్పుడో ఒగప్పుడు వొస్తాడు. ఈ 'తెల్దు'తో నేను ఎన్ని దినాలు బతకల్ల?"



యజమాని ఫిర్యాదు ఇవ్వలేదు. "తెల్దని తేలింది. తెల్దనేదానికి కేసు పెట్టేది న్యాయం కాదు" అని కొన్నాళ్లకు నర్సమ్మ భర్తను మళ్లీ పనిలోకి పిలిచాడు. కానీ ఆ రోజు నర్సమ్మ భర్త అన్న మాట నిజమైంది. ఆయన పక్కగా నడిస్తే మిగిలిన పనివాళ్లు తాము చెక్కుతున్న విగ్రహాల మీద గోనెపట్టాలు కప్పేవారట. ఎవరూ ఏమీ అనేవారు కాదు, పట్టా మాత్రం కప్పేవారు. ఆయన పని అయ్యేదాకా తల ఎత్తకుండా కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయేవాడట. నర్సమ్మ ఆస్పత్రికి వస్తూనే ఉంది, బిళ్లల కవర్లు పద్ధతిగా ఇస్తూనే ఉంది. మధ్యాహ్నం మాత్రం తన డబ్బా తీసుకుని వార్డులోకి వెళ్లి తినేది. నేను స్టూలు మీద ఒక్కదాన్నే నా సాంబారన్నం తినేదాన్ని. రోగులకు పెట్టేదే అది, ఆమె అన్నది నిజమే. ఆ నెలల్లో నాకు ఈ చదువు మీదే విసుగు పుట్టింది. నిజం నిజం అని పాకులాడి ఒక ఇల్లు చీకటి చేశానా అనుకునేదాన్ని.

ఆ పల్లె కోసం కొత్త విగ్రహం మొదలుపెట్టారని తెలుసు. అది పూర్తయి, పల్లె వాళ్లు తీసుకుపోయే రోజున యజమాని మా ఆఫీసరుకు ఫోన్ చేసి ఇద్దరినీ రమ్మన్నాడు. వెళ్లాలా వద్దా అని ఊగిసలాడి వెళ్లాను. శిల్పశాల ముందు ట్రాక్టరు, మామిడాకులు కట్టి ఉంది. లోపల అమ్మవారు కొత్త రాతిలో నిలబడి ఉంది, చెయ్యి ఎత్తి. పల్లె పెద్దలు, ఆడవాళ్లు, వీధిలోని శిల్పులందరూ ఉన్నారు. నర్సమ్మ కూడా ఉంది.

అన్నీ పూర్తయ్యాయి గానీ కళ్లు మాత్రం ఇంకా తెరిపించలేదు. కళ్లు తెరిపించడమంటే చివరి పని. సన్న ఉలితో కంటిపాప గీసేది. చెయ్యి కాస్త జారినా అంతే, మళ్లీ కొత్త రాయి తెచ్చుకోవాల్సిందే. అందుకే ఆ శిల్పశాలలో ఆ పని యజమాని తప్ప ఇంకెవరూ ఎప్పుడూ చేయలేదట. ఆయన సన్న ఉలి తీసి కళ్లకద్దుకున్నాడు. అందరూ చూస్తుండగా నడిచి వెళ్లి, మూల కూర్చున్న నర్సమ్మ భర్త చేతిలో పెట్టాడు.

"నువ్వు తెరిపించప్పా."

ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. పల్లె పెద్దల్లో ఒకాయన గబగబా ముందుకొచ్చాడు. "ఆయప్పా? మొన్న మా అమ్మోరి చెయ్యి..." అని సగంలో ఆపాడు.

"అవును, ఆయప్పే," అన్నాడు యజమాని.

నేను ఉండబట్టలేక దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "ఆయన కొట్టలేదని మీకు తెలిసిందా? ఏమైనా తేలిందా?"

ఆయన నా వైపు విసుగ్గా చూశాడు, అంత చదువుకుని ఇదా అడగడం అన్నట్టు. "యాడ తేలింది? నాకూ తెల్దు. తెలిసింటే నమ్మేదేముందమ్మా?"

నర్సమ్మ భర్త ఉలి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అందరి కళ్లూ ఆ చేతి మీదే. తాత కర్ర ఆనించుకుని ముందుకు వంగి చూస్తున్నాడు. పల్లె వాళ్లు ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. నర్సమ్మ చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఎప్పుడు పట్టుకుందో తెలియదు, గట్టిగా.

చూడనిది యజమాని ఒక్కడే. ఆయన తువ్వాలు దులుపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డు దాటి, టీ తాగడానికి పోయాడు.